పెన్‌డ్రైవ్ పెట్టాను, లినక్స్ రాలేదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పదకొండుకు ఎక్కే అర్హత లేని ల్యాప్‌టాప్‌లు, అంటే టీపీఎం 2.0 లేనివి, ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువి, ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో దండిగా మిగిలిపోయాయి. బాగానే నడుస్తున్న వాటిని పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పని వాళ్లు ఎవరో చెప్పగా విని లినక్స్ వైపు చూస్తున్నారు. ఐఎస్ఓ దించుకుంటారు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు, ల్యాప్‌టాప్‌కి పెట్టి ఆన్ చేస్తారు. ఎప్పటిలాగే విండోసే వస్తుంది. లేదా తెర నల్లగా ఉండిపోతుంది. లేదా పై మూలలో ఒక చిన్న గీత మినుకుమినుకుమంటూ ఎంతసేపైనా కదలదు. అప్పుడు ఫోన్ మోగుతుంది: "పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావట్లేదండీ."

ఈ ఒక్క మాట కింద కనీసం అయిదారు వేర్వేరు జబ్బులుంటాయి. కడుపులో నొప్పి అని వచ్చినవాడికి ఎక్కడ నొప్పో అడక్కుండా మాత్ర రాసిచ్చే వైద్యుణ్ణి మనం నమ్మం. కానీ ఈ విషయంలో మాత్రం అడగకుండానే మందులు వచ్చిపడతాయి. సెక్యూర్ బూట్ తీసెయ్, లెగసీ మోడ్‌లో పెట్టు, వేరే పెన్‌డ్రైవ్ కొను, రూఫస్ బదులు వెంటాయ్ వాడు. వీటిలో ప్రతిదీ ఎవరో ఒకరికి పనిచేసిందే, అందుకే అంత ధీమాగా చెబుతారు. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్న అనుభవంతో నేను అడిగే ప్రశ్న ఒకటే: ఎక్కడిదాకా వచ్చి ఆగింది? బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే కనిపించలేదా? పేరు కనిపించి, ఎంచుకున్నాక వెనక్కి మెనూకే వచ్చిందా? లినక్స్ మెనూ వచ్చి, ఆ తర్వాత తెర నల్లబడిందా? లేక అంతా వచ్చి, హార్డ్‌డిస్క్ కనిపించలేదా? ఈ నాలుగింటి కారణాలు వేర్వేరు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు వికటిస్తుంది కూడా.

పాత పద్ధతి తెలిస్తే ఇప్పటి తికమక సగం విడిపోతుంది. 1981 నాటి ఐబీఎం పీసీ వారసత్వంగా వచ్చిన బయోస్‌కి ఫైలంటే ఏమిటో తెలియదు. డిస్క్‌లో మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, మెమరీలోకి తెచ్చుకుని పగ్గాలు దానికి అప్పగించడమే దాని పని. హార్డ్‌డిస్క్ అయితే ఆ 512లో 446 బైట్లు కోడుకు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు. సీడీల కాలం వచ్చాక ఈ పద్ధతి కుదరలేదు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి ఎల్ టొరిటో అనే ప్రమాణం రాశాయి. దాన్ని తయారుచేసిన ఇంజినీర్లు భోజనానికి వెళ్లిన మెక్సికన్ హోటల్ పేరే దానికి పెట్టారని ఒక కథ. సీడీ నుంచి ఎలా లేవాలో అందరికీ ఒకే పద్ధతి కుదరడంతో పని సులువైంది. చిరునామా ఇస్తే ఉబుంటు వాళ్లు ఉచితంగా సీడీలు పోస్టులో పంపే రోజులు గుర్తున్నవాళ్లు ఉంటారు. 2011లో ఆపేదాకా మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లకు అలాంటి కవర్లు వస్తూనే ఉండేవి. ఆ సీడీ ట్రేలో పెట్టి, బూట్ క్రమంలో సీడీని ముందుకు జరిపితే చాలావరకు లేచేది.

పెన్‌డ్రైవ్‌కి ఆ అదృష్టం లేదు. పాత బయోస్ దృష్టిలో అది ఫ్లాపీయా, జిప్ డ్రైవా, హార్డ్‌డిస్కా అన్నది తయారీదారు ఇష్టం. అందుకే ఆ కాలపు సెట్టింగుల్లో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడు పేర్లుండేవి. ఈలోగా ఇంటెల్ తన ఐటేనియం కోసం మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐ, 2005లో ఏర్పడిన ఫోరం చేతిలో యూఈఎఫ్‌ఐ అయింది. దీనికి ఫైళ్లు తెలుసు. ఫ్యాట్ పార్టిషన్ ఉంటే అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డరు, దానిలో బూట్ ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు కోసం వెతుకుతుంది. దొరికితే దాన్ని నడిపిస్తుంది, లేకపోతే ఆ పెన్‌డ్రైవ్‌ను అసలు లెక్కలోకే తీసుకోదు.

కాబట్టి ఇవాళ్టి లినక్స్ ఐఎస్ఓ ఒక పగటివేషగాడు. సీడీ డ్రైవుకు సీడీలా, పాత బయోస్‌కు హార్డ్‌డిస్క్‌లా, యూఈఎఫ్‌ఐకి ఫ్యాట్ పార్టిషన్‌లా, ముగ్గురికీ మూడు వేషాల్లో కనబడాలి. పీటర్ యాన్విన్ మొదలుపెట్టిన సిస్‌లినక్స్ పనిముట్లలో పుట్టిన ఐసోహైబ్రిడ్ ఈ విద్యకు దారి వేసింది. వేషం చెదరకుండా పెన్‌డ్రైవ్‌లోకి చేరిందా లేదా అన్నదే మొదటి మజిలీ. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఇక్కడే తేలిపోతుంది.

అన్నిటికన్నా మామూలు తప్పు ఐఎస్ఓ ఫైలును సినిమా ఫైలులాగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. కాపీ అయితే అవుతుంది, లేవదు. తర్వాతిది, సరిగ్గా ఎక్కించాక దాన్ని చేజేతులా చెరిపేసుకోవడం. ఐఎస్ఓను ఉన్నదున్నట్టు, బైటుకు బైటు రాసే పద్ధతిని డీడీ అంటారు. అలా రాసిన పెన్‌డ్రైవ్‌ను విండోస్ గుర్తుపట్టలేదు. "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. ఏదో మంచికే అడుగుతోందనుకుని సరే నొక్కినవాళ్లను నేను చాలామందినే చూశాను. అరగంట పని అరక్షణంలో పోతుంది. మరికొందరు 64 జీబీ పెన్‌డ్రైవ్ నాలుగైదు ఎంబీలే చూపిస్తోందని కంగారుపడి, లినక్స్ వల్ల పాడైపోయిందని తేల్చేస్తారు. పాడవలేదు, విండోస్ ఆ చిన్న ఫ్యాట్ ముక్కను మాత్రమే చదవగలుగుతోంది. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కొట్టి మళ్లీ ఫార్మాట్ చేస్తే మొత్తం చోటు తిరిగొస్తుంది. ఆ కమాండ్ కొట్టేముందు డిస్క్ నంబరు రెండుసార్లు చూసుకోండి. నంబరు తప్పితే పోయేది పెన్‌డ్రైవ్ కాదు, ఇంట్లో పెళ్లి ఫొటోలు.

దించుకున్న ఐఎస్ఓయే సగంలో తెగి ఉండొచ్చు. డౌన్‌లోడ్ పేజీలోనే ఎస్‌హెచ్‌ఏ256 అనే పొడుగాటి అంకె ఇస్తారు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండుతో మన ఫైలు అంకె తీసి పోల్చుకోవచ్చు. నిమిషం పని. దాన్ని చేయకుండా మూడు రోజులు బయోస్‌లో తిరిగినవాళ్లున్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఎక్కించే పనిముట్ల సంగతి. పీట్ బటార్డ్ 2011లో మొదలుపెట్టిన రూఫస్ ఇప్పటికీ విండోస్ మీద నా మొదటి ఎంపిక. అయితే అది రెండు దారులు చూపిస్తుంది. ఐఎస్ఓ పద్ధతిలో రాస్తే ఫైళ్లను విప్పి, పెన్‌డ్రైవ్‌ను మామూలు ఫ్యాట్‌గా ఉంచుతుంది. డీడీలో రాస్తే ఉన్నదున్నట్టు దింపేస్తుంది. మొదటిదాన్నే అది సిఫారసు చేస్తుంది, చాలాసార్లు అది మంచిదే. కానీ ఫెడోరా లాంటివి లేచేటప్పుడు తమ డిస్క్‌ను దాని లేబుల్ పేరు పట్టి వెతుక్కుంటాయి. ఫ్యాట్‌లో లేబుల్ 11 అక్షరాలు దాటడానికి వీల్లేదు, ఫెడోరా పెట్టుకున్న పేరు అంతకన్నా పొడుగు. పేరు కుదించాక లోపలి సెట్టింగుల్లోనూ మార్చాలి. రూఫస్ మార్చడానికి ప్రయత్నిస్తుంది, అన్నిసార్లూ కుదరదు. అప్పుడు మెనూ వస్తుంది, కెర్నల్ లేస్తుంది, ఆ తర్వాత డిస్క్‌ను వెతికే డ్రాకట్ అనే ప్రోగ్రాం ఫలానా పేరుగల డిస్క్ లేదని నిమిషాల తరబడి మొరపెట్టుకుని చేతులెత్తేస్తుంది. చూసేవాళ్లకు ఇది ల్యాప్‌టాప్ తప్పులా కనిపిస్తుంది. మళ్లీ డీడీ పద్ధతిలో రాస్తే పోతుంది. ఫెడోరా వాడాలంటే వాళ్ల మీడియా రైటరే తిన్నగా వాడటం మేలు.

2020లో వచ్చిన వెంటాయ్ మీద నాకు రెండు మనసులు. ఒకే పెన్‌డ్రైవ్‌లో పది ఐఎస్ఓలు పడేసుకుని కావలసినదాన్ని ఎంచుకోవడం నిజంగా సుఖం. ఐఎస్ఓను సినిమాలా కాపీ చేస్తే చాలునన్న సామాన్యుడి ఆశను అది నెరవేర్చింది. కానీ అది ఐఎస్ఓకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఇంకో పొర. లేవకపోతే తప్పు ఏ పొరదో తెలియదు. దాని మూలకోడులో ముందే కంపైల్ చేసి పెట్టిన ఫైళ్లున్నాయన్న విమర్శ కూడా ఉంది. నా తీర్పు ఇది: పది యంత్రాలు బాగుచేసేవాడికి వెంటాయ్, ఒక్క ల్యాప్‌టాప్‌లో మొదటిసారి వేసుకునేవాడికి నేరుగా రాసిన పెన్‌డ్రైవ్. యూనెట్‌బూటిన్ పేరు చెప్పే పాత సలహాలు ఎదురైతే దాటి వెళ్లిపోండి.

పెన్‌డ్రైవే దొంగది కావచ్చు. పైన 64 అని రాసి లోపల 4 జీబీ చిప్పు పెట్టినవి బజార్లో ఉన్నాయి. నేనూ ఒకటి కొన్నాను, ఎక్కడో అడక్కండి. వాటిలో ఎంత రాసినా రాసుకున్నట్టే నటిస్తాయి. ఇవాళ్టి ఉబుంటు ఐఎస్ఓ 5 జీబీ దాటింది కాబట్టి తోక భాగం గాలిలో కలుస్తుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 ఈ దొంగతనాన్ని పట్టిస్తాయి.

పెన్‌డ్రైవ్ మంచిదే అని తేలాక రెండో మజిలీ ఫర్మ్‌వేర్. ఆన్ చేయగానే ఏ మీట నొక్కాలన్నది కంపెనీని బట్టి ఉంటుంది. డెల్, లెనోవో, ఏసర్‌లకు ఎఫ్12. హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి ఎఫ్9. అసూస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్, వాళ్ల డెస్క్‌టాప్ బోర్డుకు ఎఫ్8. లెనోవో ఐడియాప్యాడ్‌లకు పక్కన పిన్నుతో నొక్కే చిన్న నోవో బటన్ ఉంటుంది, సొంతదారుల్లో చాలామందికి అది ఉందని తెలియదు. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు ఎఫ్2తో లోపలికి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. మీట నొక్కే సమయం తప్పుతోందా? విండోస్ లోపలి నుంచే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలి తెర మీద "యూజ్ ఎ డివైస్" అని వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవచ్చు. నొక్కడంలో చేయి తిరగనివాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. ఇంకో సంగతి, విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగిపోవడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సగం నిద్రలోకి వెళుతుంది. ఫర్మ్‌వేర్‌లో వేరే ఫాస్ట్ బూట్ కూడా ఉంటే అది యూఎస్‌బీ పోర్టుల వైపు చూడకుండానే విండోస్‌ను లేపేస్తుంది. రెండింటినీ ఆపి చూడండి.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే భయపడనక్కర్లేదు. ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నది కొత్త దారి, ఉత్త పేరున్నది పాత దారి. విండోస్ ఏ దారిలో ఉందో లినక్స్‌నూ అదే దారిలో వేయాలి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ దగ్గర ఆ సంగతి రాసి ఉంటుంది. ఇది చూడకుండా లెగసీకి, అంటే పాత దారికి, మార్చమనే సలహా చాలా చెడ్డది. లెగసీలో లినక్స్ లేస్తుంది, వేసుకుంటారు కూడా, ఆ తర్వాత రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు. పైగా లెగసీని వదిలించుకుంటామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. కొత్త యంత్రాల్లో ఆ దారే లేకపోవచ్చు.

32 బిట్ చిక్కు ఇప్పుడు తగ్గింది కానీ పోలేదు. 2013, 2014 ప్రాంతంలో వచ్చిన బే ట్రయల్ ఆటమ్ టాబ్లెట్లలో ప్రాసెసర్ 64 బిట్, ఫర్మ్‌వేర్ 32 బిట్. అది బూట్‌ఎక్స్64ను చూడదు, బూట్‌ఐఏ32 కోసం వెతుకుతుంది. మామూలు ఐఎస్ఓలు చాలావాటిలో అది ఉండదు. డెబియన్ 2015లోనే వీటిని పట్టించుకుంది. అసలు ప్రాసెసరే 32 బిట్ అయిన పాత యంత్రాలకు దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలరే లేదు.

ఇక సెక్యూర్ బూట్. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ తిట్లు తిన్నది, తక్కువ అర్థమైనది ఇదే. 2012లో విండోస్ 8తో ఇది మన ల్యాప్‌టాప్‌లలోకి వచ్చింది. నమ్మిన సంతకం ఉన్న ప్రోగ్రాంనే ఫర్మ్‌వేర్ నడపాలన్నది నియమం. ఆ సంతకం చేసే తాళం మైక్రోసాఫ్ట్ చేతిలో ఉంది. ఇక లినక్స్ పని అయిపోయిందని ఆనాడు చాలామంది అనుకున్నారు. అప్పట్లో రెడ్‌హ్యాట్‌లో ఉన్న మాథ్యూ గారెట్ లాంటివాళ్లు షిమ్ అనే చిన్న ప్రోగ్రాంతో దారి తీశారు. మైక్రోసాఫ్ట్ షిమ్‌కు సంతకం చేస్తుంది, షిమ్ తన వెనక వచ్చే గ్రబ్ అనే బూట్‌లోడర్ సంతకాన్ని తానే సరిచూసుకుంటుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఓపెన్‌సూసే ఈ దారిలోనే లేస్తాయి. అంటే వీటికి సెక్యూర్ బూట్ తీయాల్సిన అవసరం మామూలుగా లేదు. ఆర్చ్ లాంటివాటికి తీయక తప్పదు. వెంటాయ్‌కు మొదటిసారి నీలి తెరలో దాని తాళాన్ని మనమే నమోదు చేసుకోవాలి. ఆ తెర చూసి వైరస్ అనుకుని ఆపేసినవాళ్లున్నారు.

మరి ఎందుకు ఆగుతోంది? 2020లో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే లోపం బయటపడింది. లోపమున్న పాత గ్రబ్‌లన్నిటినీ నిషేధించాలంటే ఒక్కోదాని ముద్రనూ ఫర్మ్‌వేర్‌లోని నిషేధ జాబితాలో చేర్చాలి. ఆ జాబితాకు ఉన్న చోటు 32 కేబీ. ఈ ఒక్క లోపానికే 150 ముద్రలు, మూడు సర్టిఫికెట్లు కలిసి 10 కేబీ మింగేశాయి. ఇలా అయితే ఎన్నాళ్లని ఎస్‌బాట్ అనే పద్ధతి పెట్టారు. ఫలానా తరానికి ముందు గ్రబ్ ఏదీ చెల్లదని ఒక్క మాటలో చెప్పేస్తుంది. ఆలోచన మంచిదే. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఈ తరం అంకెను పెంచింది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న యంత్రాల జోలికి వెళ్లకూడదన్నది మైక్రోసాఫ్ట్ ఉద్దేశం. గుర్తుపట్టడంలో పొరపాటు జరిగి ఆ యంత్రాల్లోనూ పడింది. నిన్నటిదాకా లేచిన లినక్స్, నిన్నటిదాకా లేచిన పెన్‌డ్రైవ్, రెండూ పొద్దున్నే షిమ్ ఎస్‌బాట్ సరిచూపు విఫలమైందని రెండు వరుసలు చూపించి కరెంటు ఆపేసుకున్నాయి. అది వాడుతున్నవాడు చేసిన తప్పేమీ లేదు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ కమాండుతో ఆ ఎస్‌బాట్ విధానాన్ని చెరిపి, మళ్లీ ఆన్ చేయడం అప్పుడు దొరికిన మందు. మీ సొరుగులోని పాత పెన్‌డ్రైవ్ అదే మాట చూపిస్తే తాజా ఐఎస్ఓ దించుకుని మళ్లీ రాయడం అంతకన్నా తేలిక.

ఇంకో మలుపు ఉంది. షిమ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం చేసే 2011 నాటి సర్టిఫికెట్ గడువు 2026 జూన్‌దాకానే. దాని స్థానంలో 2023 నాటి తాళం వచ్చింది. గడువు తీరినంత మాత్రాన పాత సంతకాలు చెల్లకుండా పోవు. కానీ కొత్త తాళంతో మాత్రమే సంతకమైన షిమ్‌ను, ఆ తాళం తెలియని పాత ఫర్మ్‌వేర్ లోపలికి రానివ్వదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇవ్వడం మానేసిన ల్యాప్‌టాప్‌లకు ఇది తలనొప్పే. అదలా ఉంచితే, ఇటీవలి కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ తాళం ఒక్కటే ఆన్‌లో ఉంచి, ఇతరుల కోసం ఇచ్చిన తాళాన్ని ఆపి పెడుతున్నారు. సెట్టింగుల్లో థర్డ్ పార్టీ సీఏ అనే మాట ఉంటే దాన్ని ఆన్ చేస్తే చాలు, సెక్యూర్ బూట్ మొత్తం తీయనక్కర్లేదు.

తీయాల్సే వచ్చినా, తీసేముందు ఒక పని. ఇటీవలి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ చెప్పకుండానే మొదలవుతుంది. సెక్యూర్ బూట్‌ను కదిపితే, మర్నాడు విండోస్ లేచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉందన్న సంగతి తెలియక, కంప్యూటర్ హ్యాక్ అయిందనుకుని మొత్తం చెరిపించుకున్నవాళ్లను నేను ఎరుగుదును. లినక్స్ మాట దేవుడెరుగు, అసలుకే ఎసరు. "ముందు సెక్యూర్ బూట్ తీసెయ్" అనేవాళ్లు ఈ కీ సంగతి చెప్పకపోతే ఆ సలహా వినకండి. ఏసర్ లాంటి వాటిలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టేదాకా సెక్యూర్ బూట్ ఆప్షన్ బూడిదరంగులోనే ఉంటుంది. పని అయ్యాక ఆ పాస్‌వర్డ్ తీసేయండి, లేదా ఎక్కడన్నా రాసి పెట్టుకోండి.

మూడో మజిలీలో లినక్స్ మెనూ వచ్చేసింది. ఇక్కడిదాకా వస్తే పెన్‌డ్రైవ్, బూట్ మోడ్, సెక్యూర్ బూట్ దాదాపు నిర్దోషులే. వాటి జోలికి మళ్లీ వెళ్లడం వృథా. తర్వాత తెర నల్లబడితే అనుమానం గ్రాఫిక్స్ మీద, ముఖ్యంగా ఎన్‌విడియా ఉంటే. మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ ఉంటే అది ఎంచుకోవాలి. లేకపోతే మొదటి వరుస మీద నిలబడి 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలో క్వయట్, స్ప్లాష్ అనే రెండు మాటలు చెరిపి, నోమోడ్‌సెట్ అని రాసి, ఎఫ్10 నొక్కాలి. క్వయట్ తీయడం ఎందుకంటే, అది ఉన్నంతసేపూ కెర్నల్ ఏం చెబుతోందో మనకు కనిపించదు. జబ్బు చెప్పే నోరు మూసేసి జబ్బేమిటని అడిగితే లాభం ఏముంది?

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్న బ్రాకెట్టు మాట వచ్చి, లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మాధ్యమం దొరకలేదని ఉబుంటు అంటే, కెర్నల్ లేచాక పెన్‌డ్రైవ్ దాని కంటికి కనిపించకుండా పోయిందన్నమాట. ఒకసారి ఒక డెస్క్‌టాప్ దగ్గర సాయంత్రం నుంచి రాత్రి పదకొండుదాకా కూర్చున్నాను. మెనూ వస్తుంది, ఈ మాట వస్తుంది. ఐఎస్ఓ మార్చాను, పెన్‌డ్రైవ్ మార్చాను, బయోస్‌లో కనిపించినదల్లా తిరగేశాను. చివరికి ఆ ఇంటి పిల్లవాడు "ముందు పోర్టు లూజండీ, మేం వెనకదే వాడతాం" అన్నాడు. వెనక పెడితే రెండు నిమిషాల్లో లేచింది. ముందువైపు పోర్టు బోర్డుకు ఒక సన్నటి తీగతో కలుస్తుంది. బయోస్ మెల్లగా చదువుతుంది కాబట్టి ఆ లూజును ఓర్చుకుంది, కెర్నల్ వేగం అందుకోగానే తెగింది. అప్పటి నుంచి నేను మొదట చేసేది పోర్టు మార్చడం. నీలిరంగు పోర్టులో ఆగితే నల్లదాంట్లో, హబ్ మీద ఉంటే నేరుగా. మెనూ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోయినా, ఒక్కోసారి ఒక్కో చోట ఆగినా మెమరీని మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రి పరీక్షించండి.

చివరిది, డెస్క్‌టాప్ వచ్చేసి, ఇన్‌స్టాలర్‌కు హార్డ్‌డిస్క్ కనిపించకపోవడం. ఇంటెల్ యంత్రాలు కొన్నింటిలో డిస్క్‌ను ఆర్‌ఎస్‌టీ అనే పద్ధతిలో పెట్టి అమ్ముతారు. ఉబుంటు ఇన్‌స్టాలర్ దాన్ని చూసి ఆర్‌ఎస్‌టీ ఆపమంటుంది. సెట్టింగుల్లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మారిస్తే లినక్స్‌కు డిస్క్ కనిపిస్తుంది, విండోస్‌కు మాత్రం నీలి తెర వస్తుంది. విండోస్‌ను ముందు సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఆ తర్వాత మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపితే రెండూ బతుకుతాయి. ఈ వరుస తప్పకూడదు.

ఆపిల్ వాళ్ల సంగతి ఒక్క మాటలో. ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌లలో పెన్‌డ్రైవ్ నుంచి మామూలు లినక్స్ లేవదు, అసాహీ లినక్స్ దారి వేరు. టీ2 చిప్పున్న ఇంటెల్ మ్యాక్‌లలో ముందు బయటి డిస్క్‌లకు అనుమతి ఇచ్చుకోవాలి.

ఇంతకీ తప్పెవరిది? తిలాపాపం తలా పిడికెడు. కానీ పిడికిళ్లు సమానం కావు. లినక్స్ పంపిణీదారులు తమ వంతు చాలానే చేశారు. డెబియన్ 2023లో పట్టు సడలించి, ఉచితం కాని ఫర్మ్‌వేర్‌ను కూడా ఐఎస్ఓలో చేర్చింది, దానితో వై-ఫై రాని బాధ చాలామందికి తప్పింది. ఇన్‌స్టాలర్లు పదేళ్ల కిందటితో పోలిస్తే ఎంతో నయం. పెద్ద పిడికిలి ల్యాప్‌టాప్ కంపెనీలదే. మీటలు, మెనూలు, మాటలు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకే పొంతన ఉండదు. పెన్‌డ్రైవ్‌ను తిరస్కరించినప్పుడు ఎందుకో చెప్పే మర్యాద చాలా ఫర్మ్‌వేర్‌లకు లేదు. మాటామంతీ లేకుండా మెనూకు వెనక్కి తెస్తాయి. నలభై ఏళ్ల కిందటి డాస్ ఫ్లాపీ అయినా "నాన్ సిస్టమ్ డిస్క్" అని నోరు తెరిచి చెప్పేది.

తెలుగులో దొరికే సలహాలు ఎక్కువగా వీడియోలే. చూపించేవాడి ల్యాప్‌టాప్ ఒకటి, చూసేవాడిది ఇంకొకటి. అతని తెర మీద ఉన్న మాట మన తెర మీద ఉండదు, అక్కడితో తెగుతుంది. సీడాక్ సంస్థ బాస్ లినక్స్ తెచ్చింది, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు మాట్లాడే లినక్స్ తెచ్చింది. లోపలికి వెళ్లాక తెలుగు ఉంది. గుమ్మం దగ్గర ఆగిపోయినవాడికి ఏ మాట వస్తే దాని అర్థమేమిటో తెలుగులో ఒక చోట చేర్చిన పుస్తకం మాత్రం నా కంటపడలేదు.

ఎవరైనా పూనుకుంటే నా నోటు పుస్తకం ఇస్తాను. అందాకా ఒక మనవి. మీరు ఎవరికైనా ఫోన్ చేసేముందు తెరను ఫొటో తీయండి. ల్యాప్‌టాప్ మోడల్, ఐఎస్ఓ పేరు, దేనితో రాశారు, ఏ పోర్టులో పెట్టారు, ఎక్కడిదాకా వచ్చి ఆగింది, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. విండోస్‌లో ముఖ్యమైనవేమన్నా ఉంటే ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఫోన్ ఆ తర్వాత.